స్లీవ్ సర్జరీ అయి 12 రోజులు: ఏది మామూలు, ఏది ఓర్చుకోకూడనిది

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ముందు ఒకచోట పెడతాను. మీ అన్నయ్యకి స్లీవ్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి కడుపులో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్, అయి 12 రోజులైంది. రెండు రోజుల నుంచి ఏం తాగినా కడుపులో తిప్పుతోంది, నిన్న మూడుసార్లు వాంతి అయింది. ఎడమ భుజం నొప్పి అంటున్నారు, లేచి తిరగడం లేదు. హాస్పిటల్‌కి ఫోన్ చేద్దామంటే "కోరి చేయించుకున్నదే కదా, ఓర్చుకోవాలి" అని ఆపేస్తున్నారు. ఇందులో ఏది మామూలు, ఏది ప్రమాదం, ఎన్నాళ్లకి కోలుకుంటారు, ముందు ముందు ఏమేం రావచ్చు అని అడిగారు.

మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు వెళ్లి ఆయన నాడి చూడండి. పది నిమిషాలు కదలకుండా పడుకున్నాక మణికట్టు దగ్గర వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 100 దాటితే వెంటనే ఆపరేషన్ చేసిన టీమ్‌కి ఫోన్ చేయండి. 120 దాటితే ఫోన్ చేస్తూనే బయల్దేరండి. ఆయాసం, చెమటలు, 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, ఛాతీలో నొప్పి వీటిలో ఏది ఉన్నా అంతే. బీపీకో గుండె దడకో మెటోప్రొలాల్ లాంటి మాత్ర వాడుతుంటే మాత్రం నాడి పెరగకుండా అది అణచి ఉంచుతుంది, అప్పుడు ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. పారాసిటమాల్ వేసుకుంటూ ఉంటే జ్వరం విషయంలోనూ అదే మాట.

నాడి 100 లోపే ఉన్నా ఫోన్ మాత్రం ఇప్పుడే చేయాల్సిందే. రెండు రోజులుగా వాంతులు ఒక్కటే ఉన్నా చేయమనేదాన్ని. దానికి ఎడమ భుజం నొప్పి తోడైంది కాబట్టి ఇక ఆలోచించేదేమీ లేదు.

నేను డాక్టర్‌ని కాదు. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే వార్డులో నర్సుగా 16 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్లు, డిశ్చార్జ్ అయి ఇంటికెళ్లినవాళ్ల ఫోన్లు తీసుకోవడమే నా డ్యూటీ. అందుకే మీ అన్నయ్య అన్న ఆ "ఓర్చుకోవాలి" అనే మాట నాకు చాలా పాతది. ఆలస్యంగా వచ్చి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చెప్పిన మాట అదే.

నాడి గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది పొడవాటి సన్నని గొట్టం. దాని పక్క పొడవునా స్టేపుల్స్ వేసి మూస్తారు. కింద పేగులోకి వెళ్లే చోట కవాటం ఎప్పటిలాగే ఉంటుంది, గొట్టమేమో ఇరుకు. కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఆ కుట్టు వరుసలో అన్నవాహిక వచ్చి కలిసే పైచివర బలహీనమైన చోటు. లీక్ అయితే ఎక్కువగా అక్కడే అవుతుంది. ఇది నూటికి ఒకరికో ఇద్దరికో వచ్చే సమస్య. హాస్పిటల్లో ఉన్న రెండు మూడు రోజుల్లోనే బయటపడితే అదృష్టం. చాలాసార్లు ఇంటికెళ్లాక, రెండు మూడు వారాల్లో ఎప్పుడో బయటపడుతుంది.

లీక్ అయితే పొట్టలో విపరీతమైన నొప్పి వస్తుందని అందరూ అనుకుంటారు. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో అలా రాకపోవచ్చు. పొట్ట గట్టిపడటం లాంటివి డాక్టర్ చేతికి కూడా సరిగా తెలియవు. అన్నిటికంటే ముందు మారేది నాడి. ఆ తర్వాత ఆయాసం, కారణం చెప్పలేని ఆందోళన, జ్వరం. కారిన ద్రవం పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కింద ఎడమవైపు చేరితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది, ఎందుకంటే ఆ రెండు చోట్లకీ నరం మూలం మెడలో ఒకటే.

ఆపరేషన్ అయిన కొత్తలో గ్యాస్ వల్ల కూడా భుజం నొప్పి వస్తుంది, నిజమే. చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీకి పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలిపోయి డయాఫ్రమ్‌ని ఇబ్బంది పెడుతుంది. కానీ అది మొదటిరోజే మొదలై, నడిచినకొద్దీ తగ్గి, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. 10, 12 రోజుల తర్వాత కొత్తగా వచ్చిన భుజం నొప్పి గ్యాస్‌ది కాదు.

ఒకావిడ తొమ్మిదో రోజున ఫోన్ చేసింది. విటమిన్ మాత్ర నలిపి వేసుకోవచ్చా అని అడగడానికి. చెప్పాను. పెట్టేయబోతూ "కొంచెం నీరసంగా ఉంది లెండి, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో" అంది. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, నేను గడియారం చూస్తుంటే ఆవిడ చేత నాడి లెక్కపెట్టించాను. 15 సెకన్లలో 33. అంటే నిమిషానికి 132. నొప్పి లేదు, జ్వరం లేదు. ఆ రాత్రి సీటీ స్కాన్‌లో లీక్ కనిపించింది. గొట్టం పెట్టి ద్రవం బయటికి తీశారు, ఎండోస్కోపీతో లీక్ చోటుని లోపలి నుంచి కప్పేలా స్టెంట్ వేశారు, ఆరు వారాల దాకా సెలైన్ ద్వారానే ఆహారం. పూర్తిగా కోలుకుంది. ఇంకో రెండు రోజులు ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, అలా వచ్చినవాళ్లనీ చూశాను.

స్కాన్‌లో ఏమీ లేదని చెప్పి పంపినా, నాడి దిగకపోతే, నీరసం పెరుగుతుంటే మళ్లీ వెళ్లి అడగండి. చిన్న లీక్ స్కాన్‌లో పడకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే సర్జన్లు మళ్లీ లాప్రోస్కోపీ చేసి కళ్లతో చూస్తారు.

భయపెడుతున్నానని అనుకోకండి. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న 4,776 మందిని గమనించారు. వాళ్లలో దాదాపు అందరివీ బైపాస్ (కడుపుని చిన్న సంచిగా చేసి పేగుకి కలిపేది), బ్యాండ్ (కడుపు పైభాగం చుట్టూ పట్టీ వేసేది) ఆపరేషన్లే. మొదటి 30 రోజుల్లో చనిపోయినవాళ్లు 0.3 శాతం. చావుతో సహా ఏదో ఒక పెద్ద సమస్య వచ్చినవాళ్లు 4.3 శాతం. ఆ తర్వాత ఆపరేషన్లు ఇంకా సురక్షితమయ్యాయి. మీ అన్నయ్య బాధకి చాలావరకు కారణం ఒంట్లో నీళ్లు తగ్గిపోవడమే అయి ఉండొచ్చు కూడా. కానీ ఆ సంగతి తేల్చాల్సింది ఇంట్లో కాదు.

నీళ్లు తగ్గిపోవడం గురించి చెబుతాను, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత మళ్లీ హాస్పిటల్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దీనితోనే వస్తారు. గ్లాసుడు నీళ్లు గడగడా తాగే అలవాటున్న మనిషికి ఇప్పుడు కడుపులో చోటు 100, 150 మిల్లీలీటర్లే. పైగా లోపల వాపు ఉంటుంది. రెండు గుక్కలు ఎక్కువైతే ఛాతీలో పట్టేసినట్టై వాంతి అవుతుంది. వాంతి భయంతో తాగడం మానేస్తారు. తాగకపోతే ఒళ్లు ఎండి ఇంకా వికారం పెరుగుతుంది. అది చూసి ఇంకా మానేస్తారు. ఈ చుట్టు నుంచి బయటపడటానికి నేను చెప్పే పద్ధతి ఒకటే. దగ్గు మందు సీసా మీద ఉండే చిన్న కొలత కప్పు తీసుకోండి. 30 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పోసి, పక్కన ఫోన్‌లో 15 నిమిషాలకోసారి మోగేలా అలారం పెట్టండి. మోగిన ప్రతిసారీ ఆ కప్పుని ఒకేసారి కాకుండా నాలుగైదు చిన్న గుక్కల్లో పూర్తి చేయాలి. గంటకి నాలుగు కప్పులు, మెలకువగా ఉండే 15 గంటలకి 60 కప్పులు, మొత్తం 1,800 మిల్లీలీటర్లు. కావాల్సింది ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, సరిపోయింది. గ్లాసు చూస్తే భయపడే మనిషి ఆ చిన్న కప్పుకి భయపడరు. చల్లటివి పడకపోతే గోరువెచ్చనివి ఇచ్చి చూడండి, కొందరికి అవే నిలుస్తాయి.

సరిపోతున్నాయా లేదా అన్నది మూత్రం చెబుతుంది. లేత పసుపు రంగులో రోజుకి ఐదారుసార్లు వస్తుంటే పర్వాలేదు. ముదురు రంగులో రెండుసార్లే వస్తుంటే, లేవగానే కళ్లు తిరుగుతుంటే, ఇక కప్పులతో సరిపెట్టుకోవద్దు, సెలైన్ ఎక్కించాలి.

ఇక్కడే ఇంకో సంగతి. పాత మాత్రలు పాత డోసులోనే వేసుకుంటున్నారేమో చూడండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు ఈ దశలో ఒంటిని ఇంకా ఎండబెడతాయి. షుగర్ ఉంటే, ఆపరేషన్ అయిన రోజుల వ్యవధిలోనే అది బాగా తగ్గిపోతుంది, పాత డోసు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ అలాగే కొనసాగిస్తే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఇంకా మోసం చేస్తాయి. తిండి సరిగా లేని ఈ రోజుల్లో అవి వేసుకుంటే, షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, ఆయాసం దాని లక్షణాలే. ఏవేం వాడుతున్నారో పేర్లన్నీ కాగితం మీద రాసి ఫోన్‌లో చదివి వినిపించండి. డోసు మార్పు మాత్రం వాళ్లు చెప్పాకే.

ఇప్పుడు నేను చెప్పబోయేది అన్ని హాస్పిటళ్లలోనూ గుర్తుండదు, అందుకని మీరే గుర్తుపెట్టుకోవాలి. విటమిన్ బి1, అంటే థయమిన్, ఒంట్లో నిల్వ ఉండేది రెండు మూడు వారాలకి సరిపడానే. తిండి తగ్గి, పైగా వాంతులు అవుతుంటే ఆ నిల్వ ఇట్టే అయిపోతుంది. అది లేకపోతే మెదడు దెబ్బతింటుంది. ఒక కుర్రాడిని ఏడో వారంలో ఇద్దరు చెరో పక్కన పట్టుకుని తీసుకొచ్చారు. మూడు వారాలుగా వాంతులు. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో రెండుసార్లు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించి పంపారట. "కళ్ల ముందు అన్నీ రెండేసి కనిపిస్తున్నాయి సిస్టర్" అన్నాడు. నా వేలు చూడమంటే కళ్లు స్థిరంగా నిలవక పక్కకి కొట్టుకుంటున్నాయి. నిలబెడితే కాళ్లు దూరంగా పెట్టి, తడబడుతూ అడుగు వేశాడు. థయమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చూపు రోజుల్లోనే సర్దుకుంది. నడక సర్దుకోవడానికి నెలలు పట్టింది. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది, పరిస్థితి ఇంకా దిగజారుతుంది. కాబట్టి రెండు మూడు రోజులకి మించి వాంతులు అవుతున్న బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ అయిన) పేషెంట్‌కి ఎక్కడ సెలైన్ పెట్టినా, "గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి" అని మీరు నోరు తెరిచి అడగాలి. డాక్టర్‌కి చెప్పేంతటివాళ్లమా అని మొహమాటపడొద్దు.

అలాగే, ఈ ఆపరేషన్ గురించి తెలియని చోటికి అత్యవసరంగా వెళ్లాల్సి వస్తే, ముక్కు గుండా కడుపులోకి గొట్టం వేయబోయే ముందు సర్జన్‌తో మాట్లాడమనండి. కొత్త కుట్ల మీదుగా చూడకుండా తోస్తే చిల్లు పడే ప్రమాదం ఉంది. ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఏ సర్జన్, ఫోన్ నంబర్ ఎంత, ఈ వివరాలు రాసిన చీటీ ఒకటి ఆయన పర్సులో ఎప్పుడూ ఉండాలి.

రక్తం గడ్డకట్టడం ఇంకో పెద్ద ప్రమాదం. కాలి పిక్కలో గడ్డ ఏర్పడి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణాంతకం. ఇది కూడా ఎక్కువగా డిశ్చార్జ్ తర్వాత, మొదటి నెలలోపే వస్తుంది. పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్లు రాసిచ్చి ఉంటే ఒక్కరోజు కూడా మానకూడదు. ఒక కాలే వాచినా, పిక్కలో నొప్పి ఉన్నా, హఠాత్తుగా ఊపిరి అందకపోయినా అంబులెన్స్ పిలవాలి. రోజంతా పడుకునే ఉంటున్నారని రాశారు, నాకు నాడి తర్వాత అంత కంగారు పెట్టింది అదే. స్లీవ్ తర్వాత అరుదుగా పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తనాళంలోనూ గడ్డ వస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. ఇదీ అని చెప్పలేని కడుపు నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే దాన్నీ గుర్తుపెట్టుకోవాలి.

రక్తస్రావం ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే, హాస్పిటల్లో ఉండగానే తెలుస్తుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు విరేచనం నల్లగా రావచ్చు, అది ఆపరేషన్ నాటి పాత రక్తం. ఇప్పుడు తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే వెళ్లాలి. కోతల దగ్గర కొంచెం దురద, గట్టిదనం మామూలే. ఎర్రబడి, వేడిగా ఉండి, చీము వస్తే చూపించాలి.

ఇక మామూలువి. ఈ సలహాలన్నీ చదివి ప్రతిదానికీ బెదిరిపోవద్దు. మొదటి నెలంతా విపరీతమైన అలసట ఉంటుంది. రోజుకి ఆరేడు వందల కేలరీల మీద బతుకుతున్న ఒళ్లు అది. నోటి రుచి మారిపోతుంది, ఇష్టమైన వాసనే పడదు. తొందరగా మింగితే ఛాతీ మధ్యలో పట్టేసి, నోట్లో నురగలాంటి లాలాజలం ఊరుతుంది. ఆపేసి లేచి నడిస్తే కాసేపట్లో తగ్గుతుంది. మలబద్ధకం దాదాపు అందరికీ ఉంటుంది. చలి ఎక్కువగా వేస్తుంది. కారణం లేకుండా ఏడుపు రావడం, "ఎందుకు చేయించుకున్నానా" అనిపించడం కూడా మామూలే. తిండితో టెన్షన్ తీర్చుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోయింది కదా, మనసు కొత్త దారి వెతుక్కోవడానికి టైమ్ పడుతుంది. అయితే ఆ దిగులు వారాల తరబడి వదలకపోయినా, బతకాలని లేదనే మాట నోట వచ్చినా, అది కూడా నాడి 130 కొట్టుకోవడం లాంటిదే. ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. ఈ ఆపరేషన్ల తర్వాత ఆత్మహత్య ప్రమాదం కొంత పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది, అందుకే ఇది దాచుకోవాల్సిన విషయం కాదు.

మూడు, నాలుగు వారాల దగ్గర బరువు తగ్గడం ఆగిపోతుంది. ఫోన్లు అన్నిటికంటే ఎక్కువ వచ్చేది అప్పుడే. మొదట్లో పోయింది చాలావరకు నీళ్లు, ఆ తర్వాత ఒళ్లు కాస్త నిలదొక్కుకుంటుంది. ఒకటి, రెండు వారాల్లో మళ్లీ కదులుతుంది. రోజూ తూకం చూడొద్దు, వారానికోసారి చాలు. తగ్గడం ఏడాది, ఏడాదిన్నర దాకా సాగుతుంది, మొత్తం మీద మొదటి బరువులో పావు వంతు దాకా పోవడం మంచి ఫలితం. ఆ తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం సహజం, ఓడిపోయినట్టు కాదు.

తిండి విషయంలో మీ టీమ్ ఇచ్చిన కాగితమే ప్రమాణం. స్థూలంగా రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, తర్వాత వేళ్లతో నలిగేంత మెత్తటివి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు తిండి. ముందుగానే గట్టివి తినడం ధైర్యం కాదు, కుట్లు మానడానికి పట్టే టైమ్ మన చేతిలో ఉండదు. ప్రొటీన్ రోజుకి 60 నుంచి 80 గ్రాములు, ప్రతిసారీ అదే ముందు తినాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. డెస్క్ పని అయితే రెండు, మూడు వారాల్లో ఆఫీసుకి వెళ్లవచ్చు. బరువులెత్తే పని అయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. నిద్రలో ఊపిరి ఆగే సమస్యకి సీప్యాప్ మెషిన్ వాడుతుంటే, బరువు తగ్గుతోంది కదా అని సొంతంగా మానేయకూడదు, మళ్లీ పరీక్ష చేశాకే.

మీ అమ్మగారు జుట్టు గురించి అడుగుతున్నారని రాశారు. మూడో నెలకి అటూ ఇటూగా రాలడం మొదలవుతుంది. దువ్వెన నిండా వస్తుంటే ఎవరికైనా గుండె జారుతుంది. బరువు వేగంగా తగ్గిన ఒత్తిడికి వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లడం వల్ల అలా అవుతుంది. కుదుళ్లు బతికే ఉంటాయి, కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తాయి. ఏడాది దాటినా రాలుతూనే ఉంటే ఐరన్, జింక్, ప్రొటీన్ చూడాలి.

మొదటి ఆరు నెలల్లో పిత్తాశయంలో రాళ్లు రావడం చాలా సాధారణం. బరువు వేగంగా తగ్గితే కాలేయం పిత్తంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువగా వదులుతుంది. అందుకే చాలామంది సర్జన్లు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఆరు నెలలు ఇస్తారు. తిన్నాక కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే అల్ట్రాసౌండ్ చేయించాలి. స్లీవ్ తర్వాత ఛాతీ మంట కొందరికి కొత్తగా వస్తుంది, కొందరికి ఉన్నది పెరుగుతుంది. ఏళ్ల తరబడి మాత్రలతో అణచిపెడుతూ కూర్చోకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. కొద్దిమందికి స్లీవ్‌ని బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది. వాంతులు వారాల తరబడి తగ్గకపోతే గొట్టం మధ్యలో ఎక్కడో ఇరుకుగా మారిందేమో చూస్తారు, బెలూన్‌తో వెడల్పు చేస్తారు.

నొప్పి మాత్రల సంగతి మీ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు, పారాసిటమాల్ మాత్రమే. బైపాస్ చేయించుకున్నవాళ్లకి ఈ నియమం ఇంకా కఠినం, పేగు కలిపిన చోట పుండు పడుతుంది. పొగ తాగితే కూడా అంతే. బైపాస్ వాళ్లు ఇంకో రెండు తెలుసుకోవాలి. తీపి తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో గుండె దడ, చెమటలు, విరేచనం వస్తే అది డంపింగ్. ప్రాణానికి ప్రమాదం లేదు, తీపి తగ్గిస్తే చాలు. రెండోది ప్రమాదకరం. నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా, పొట్ట పైభాగంలో మెలిపెట్టే నొప్పి వచ్చి పోతూ ఉంటే పేగు లోపలి సందులో ఇరుక్కుని ఉండొచ్చు. స్కాన్ బాగానే ఉందని వదిలేయకూడదు. గర్భిణులైతే ఇంకా జాగ్రత్త.

విటమిన్లు జీవితాంతం. ఇందులో బేరం లేదు. బి12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం, రోజూ ఒక మల్టీవిటమిన్. కాల్షియం సిట్రేట్ రూపంలో ఉంటే మంచిది, కార్బొనేట్ అరగడానికి కావాల్సిన ఆమ్లం ఇప్పుడు తక్కువ. కాల్షియం, ఐరన్ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. మూడో నెల, ఆరో నెల, ఏడాదికి రక్తపరీక్షలు, ఆ తర్వాత ఏటా. రెండో ఏడాది నుంచి చాలామంది మానేస్తారు, ఎందుకంటే ఒంట్లో బాగానే ఉంటుంది. బి12 నిల్వ ఏళ్లు పడుతుంది అయిపోవడానికి. కాళ్లు తిమ్మిరెక్కేసరికి నరం దెబ్బతిని ఉంటుంది. మద్యం మునుపటికంటే చాలా తొందరగా ఎక్కుతుంది, ముఖ్యంగా బైపాస్ తర్వాత. కొందరికి తిండి పోయిన చోటులోకి అది అలవాటుగా వచ్చి కూర్చుంటుంది. ఆడవాళ్లు 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడలేం.

మళ్లీ మీ అన్నయ్య దగ్గరికి. ఫోన్ ఆయన చేతికి ఇవ్వకండి, మీరే చేయండి. ఆయన చేస్తే "పర్వాలేదు, బాగానే ఉన్నాను" అంటారు, అవతలివాళ్లు అదే రాసుకుంటారు. మీరు అంకెలు చెప్పండి. "స్లీవ్ అయి 12వ రోజు. నిన్నటి నుంచి ఇన్ని వాంతులు. పొద్దుటి నుంచి లోపలికి వెళ్లిన నీళ్లు ఇన్ని మిల్లీలీటర్లు. మూత్రం ఇన్నిసార్లు, ఈ రంగు. నాడి ఇంత, జ్వరం ఇంత. ఎడమ భుజం నొప్పి కొత్తగా వచ్చింది." ఇలా చెబితే ఫోన్ తీసిన ఏ నర్సూ కుర్చీలో కూర్చుని ఉండదు. ఎవరూ ఎత్తకపోతే అత్యవసర విభాగానికే తీసుకెళ్లండి.

ఆయన ఇంకా వద్దంటే నా మాటగా ఇది చెప్పండి. ఆయన కోరుకున్నది ఆపరేషన్‌ని, లీక్‌ని కాదు. ఈ 16 ఏళ్లలో అనవసరంగా ఫోన్ చేశారని నేను ఎవరినీ తప్పు పట్టలేదు. రాత్రి రెండు గంటలకి ఫోన్ చేసి, తీరా అది గ్యాస్ నొప్పి అని తేలినవాళ్లు ఎంతోమంది. వాళ్లందరికీ చివర్లో ఒకటే చెప్పాను, "రేపు మళ్లీ అనుమానం వస్తే మళ్లీ చేయండి" అని.